కీళ్లనొప్పి గోలీలు: ముప్పు ఎక్కడ, వేరే దారి ఏది?

ప్రశ్న: నొప్పి గోలీ ఒంటికి ఎందుకు చేటు చేస్తుంది?

డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్, నాప్రాక్సెన్, ఎటోరికాక్సిబ్... పేర్లు ఎన్నున్నా ఇవన్నీ ఒకే కుదురు మందులు. కీలులో వాపుకూ నొప్పికీ కారణమయ్యే ప్రోస్టాగ్లాండిన్ల తయారీని ఇవి అడ్డుకుంటాయి. చిక్కంతా ఇక్కడే ఉంది. జీర్ణాశయం లోపలి పొరను ఆమ్లం నుంచి కాపాడేవీ, కిడ్నీలకు రక్తం అందేలా చూసేవీ ఆ ప్రోస్టాగ్లాండిన్లే. మోకాలి కోసం వేసుకున్న గోలీ మోకాలి దగ్గరే ఆగదు. కాబట్టి ఈ చేటు నాసిరకం మందుతో వచ్చేది కాదు, మందు పనిచేసే తీరులోనే ఉంది.

కడుపులో పుండు పడితే ముందు మంట పుడుతుందని చాలామంది నమ్మకం. ఏ మంటా లేకుండా నేరుగా రక్తస్రావంతోనే బయటపడే పుండ్లూ ఉంటాయి. మలం తారులా నల్లగా, జిగటగా వస్తే గోలీ ఆపి అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. ఐరన్ మాత్రలు వాడేవారికీ మలం నల్లబడుతుంది గానీ అలా జిగటగా ఉండదు.

ప్రశ్న: గ్యాస్ గోలీ కలిపి వేసుకుంటే సరిపోదా?

పాంటాప్రజోల్ లాంటివి కాపాడేది కడుపునే. గుండెకూ కిడ్నీకీ వాటితో రక్షణ లేదు.

ప్రశ్న: గుండెకు కూడా ముప్పేనా?

ఆ పాఠం రోఫెకాక్సిబ్ నేర్పింది. కడుపును బాధించకుండా నొప్పి తగ్గించాలని తయారైన ఈ మందు 1999లో అమెరికాలో అనుమతి పొందింది. దీర్ఘకాలం వాడినవారిలో గుండెపోటు, పక్షవాతం ముప్పు దాదాపు రెట్టింపైందని ఒక పరిశోధనలో తేలడంతో, 2004 సెప్టెంబరు 30న తయారీ సంస్థ మెర్క్ దాన్ని ప్రపంచమంతటా వెనక్కి తీసుకుంది. పాత మందులూ ఈ ముప్పుకు అతీతం కావు. వాడకం మొదలైన కొద్ది వారాల్లోనే ముప్పు పెరగవచ్చనీ, మోతాదు పెరిగేకొద్దీ అది ఎక్కువవుతుందనీ అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2015లో హెచ్చరించింది. గుండెపోటు వచ్చినవారు, స్టెంట్ వేయించుకున్నవారు వైద్యుడిని అడగకుండా ఒక్క గోలీ కూడా కొనకూడదు.

ప్రశ్న: కిడ్నీల సంగతేమిటి?

డైక్లోఫెనాక్ ఎక్కించిన పశువుల కళేబరాలు తిని మన దేశంలో రాబందులు కిడ్నీలు చెడి కుప్పలుగా చనిపోయాయి. అందుకే 2006లో పశువులకు ఆ మందు వాడకాన్ని నిషేధించారు. మనిషి కిడ్నీ అంత సున్నితం కాదు. అయినా పెద్దవయసు, షుగరు, ఇదివరకే ఉన్న కిడ్నీ జబ్బు తోడైతే ముప్పు చాలా ఎక్కువ. టెల్మిసార్టాన్, రామిప్రిల్ లాంటి బీపీ మందుకు మూత్రం ఎక్కువగా పోయించే మాత్రా, పైన నొప్పి గోలీ కలిస్తే కిడ్నీ ఒక్కసారిగా మొరాయించవచ్చు. ఎండలో చెమటోడ్చి, నీళ్లు చాలక, సాయంత్రం ఒళ్లునొప్పులకు గోలీ వేసుకునే కూలీలకూ ఇదే ప్రమాదం. కిడ్నీ జబ్బు ఇప్పటికే పీడిస్తున్న ఉద్దానం లాంటి చోట్ల ఈ మాట ఇంటింటికీ చేరాలి.

ప్రశ్న: రెండు రకాల గోలీలు కలిపి వాడవచ్చా?

వాడకూడదు. తెలియకుండా జరిగే పొరపాటే ఎక్కువ. పట్టీ వెనక పెద్ద అక్షరాల్లో ఉండేది కంపెనీ పెట్టుకున్న పేరు. దాని కింద సన్నని అక్షరాల్లో ‘ఎసిక్లోఫెనాక్ 100, పారాసిటమాల్ 325 మిల్లీగ్రాములు’ అని ఉంటుంది. దీన్ని నడుంనొప్పికి వేసుకుంటూ, మోకాలికి డైక్లోఫెనాక్, జ్వరానికి పారాసిటమాల్ విడిగా వేసుకుంటే రెండు మందులూ రెట్టింపవుతాయి.

ప్రశ్న: మరి నొప్పి ఎలా తగ్గాలి?

మోకాలి అరుగుదలకు మొదటి మందు కండబలమే. మంచం మీద కాలు చాపి, చుట్టిన తువ్వాలును మోకాలి కింద పెట్టి, దాన్ని కిందికి అదిమి పది లెక్కపెట్టి వదలాలి. ఆ సమయంలో తొడ మీద చెయ్యి వేస్తే కండ బిగుసుకోవడం తెలియాలి. పూటకు పది పదిహేనుసార్లు చొప్పున వారాలపాటు చేస్తేనే గుణం కనిపిస్తుంది. రెండు రోజులకే విసిగి మానేస్తే ఫలితం ఉండదు. బరువు కిలో తగ్గితే అడుగు అడుగుకూ మోకాలి మీద పడే భారం సుమారు నాలుగు కిలోలు తగ్గుతుంది. చేతికర్రను నొప్పి లేని వైపు చేత్తో పట్టుకోవాలి. చాలామంది నొప్పి ఉన్నవైపే పట్టుకుంటారు.

మందే కావాలంటే ముందు డైక్లోఫెనాక్ జెల్. ఇది రక్తంలోకి చేరేది కొద్దిగానే. పారాసిటమాల్‌తో అరుగుదల నొప్పి అంతంతమాత్రమే తగ్గుతుంది. ఆరోగ్యవంతులైన పెద్దలకు రోజుకు 4 గ్రాములు దాటకూడదు. లివరు జబ్బు, మద్యం అలవాటు ఉన్నవారికి అంతకంటే తక్కువే. గోలీ తప్పనప్పుడు తక్కువ మోతాదు, తక్కువ రోజులు.

ప్రశ్న: పసరు మందులు, పొట్లాల పొడులు?

వేసుకున్న మర్నాడే నొప్పులన్నీ మాయమైతే సంతోషించడం కాదు, అనుమానించాలి. అలాంటి పొడుల్లో స్టెరాయిడ్ కలిపిన సందర్భాలున్నాయి. ముఖం ఉబ్బడం, షుగరు పెరగడం దాని గుర్తులు. నెలల తరబడి వాడినవారు ఉన్నట్టుండి మానేసినా ప్రమాదమే, వైద్యుడి పర్యవేక్షణలోనే ఆపాలి.

ప్రశ్న: కీళ్లవాతానికీ ఇదే వైద్యమా?

కాదు. పొద్దున లేవగానే చేతివేళ్లు అరగంటకు పైగా బిగుసుకుపోయి, వేలి కణుపులు వాస్తుంటే అది కీళ్లవాతం (రుమటాయిడ్) కావచ్చు. నొప్పి గోలీ అక్కడ బాధను తగ్గిస్తుందే తప్ప కీలు వంకరపోవడాన్ని ఆపదు. మెథోట్రెక్సేట్ లాంటి మందులు ఎంత త్వరగా మొదలుపెడితే కీలు అంత దక్కుతుంది. మెథోట్రెక్సేట్ గోలీ వారానికి ఒక్కరోజే. పొరపాటున రోజూ వేసుకుంటే ప్రాణాంతకం. గర్భిణులు వాడకూడదు. వారంలో ఏ రోజు వేసుకోవాలో మందుల పెట్టె మీద పెద్ద అక్షరాలతో రాయించుకోవాలి. రక్తపరీక్షలు వైద్యుడు చెప్పిన గడువుకు చేయించుకోవాలి.