చేతులు మారిన కారు

1983 డిసెంబరు 14న తొలి మారుతి 800 కారు తాళాలను నాటి ప్రధాని ఇందిరాగాంధీ స్వయంగా కొనుగోలుదారునికి అందజేశారు. నాటి నుండి మధ్యతరగతి గృహస్థుని కారు కల ఆ చిన్న బండి చుట్టూనే తిరిగింది. 2014లో దాని ఉత్పత్తి నిలిచిపోయింది. పాత చిన్న కార్లకు గిరాకీ మాత్రం నిలిచిపోలేదు.

2022 వరకు విశాఖపట్నం జిల్లాలోను, ఇప్పుడు అనకాపల్లి జిల్లాలోను ఉన్న చోడవరం వంటి చెరకుసీమ పట్టణంలో, పాత కారు అమ్మి మరికాస్త మెరుగైన పాత కారునే కొనే కుటుంబాలుంటాయి. కొనేటప్పుడు అందరూ జాగరూకులే! మెకానిక్కును వెంటబెట్టుకొని ఇంజను శబ్దం వింటారు, తుప్పు వెదకుతారు. కారుపై అప్పు మిగిలి ఉన్నదా అని అడగడం అంతకంటె ముఖ్యం. అప్పిచ్చిన సంస్థ వ్రాతపూర్వక సమ్మతి లేనిదే యాజమాన్యం బదిలీ కాదు.

అమ్మేటప్పుడు ఈ జాగ్రత్త ఏమవుతుందో తెలియదు. రొక్కం అందగానే తాళాలిచ్చి, ఖాళీ ఫారాలపై సంతకాలు చేసి, పీడ వదిలిందనుకుంటారు. చట్టం అట్లా అనుకోదు. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 50వ సెక్షను ప్రకారం, రాష్ట్రంలోనే అమ్మినవారు 14 రోజులలోగా, కొన్నవారు 30 రోజులలోగా రవాణా అధికారికి తెలియజేయాలి.

2018లో సుప్రీంకోర్టు ముందుకు వచ్చిన వివాదంలో ఒక కారు వరుసగా పలువురికి అమ్ముడుపోయింది. రిజిస్ట్రేషనులో పేరు మాత్రం మారలేదు. ప్రమాదంలో ఒక ప్రాణం పోయింది. పరిహారపు బాధ్యత రిజిస్ట్రేషనులో పేరున్న తొలి యజమానిదేనని న్యాయస్థానం తీర్పు చెప్పింది. అమ్మిన తేదీ, వేళ వ్రాసి ఉభయులు సంతకం చేసిన రసీదు ఉండడం మంచిదే. కాని అది పేరు మార్పునకు బదులు కాదు.