తుపాకీ హక్కుకు ఊళ్లో మద్దతు కూడగట్టడం ఎలా? వర్జీనియాలో కొత్తగా మొదలుపెట్టేవారికి

2020 జనవరి 20న రిచ్‌మండ్‌లో ఎముకలు కొరికే చలి. ఆ చలిలోనే రాష్ట్ర శాసనసభ చుట్టూ దాదాపు 22,000 మంది నిలబడ్డారని అధికారుల అంచనా. వర్జీనియా సిటిజెన్స్ డిఫెన్స్ లీగ్ ఏటా జనవరిలో మార్టిన్ లూథర్ కింగ్ సెలవు రోజున జరిపే లాబీ డే అది. కోట్ల మీద గుండ్రటి నారింజ రంగు స్టిక్కర్లు. ఏం జరుగుతుందోనని దేశమంతా భయపడింది. ఒక్క తూటా పేలకుండా సాయంత్రానికి అందరూ ఇళ్లకు వెళ్లారు.

ఆ ఫొటోలు చూసి, జనాన్ని రిచ్‌మండ్ తీసుకెళ్తే పనైపోతుందని కొత్తవాళ్లు అనుకుంటారు. అసలు పని అంతకు రెండు నెలల ముందే, కౌంటీ ఆఫీసుల్లో జరిగింది. 2019 నవంబరు ఎన్నికల్లో రెండు సభలూ డెమోక్రాట్ల చేతికి వచ్చాక, తుపాకులపై ఆంక్షలు వస్తాయన్న ఆందోళనతో ఒక్కో కౌంటీలో సూపర్‌వైజర్ల బోర్డు సమావేశాలకు జనం పోటెత్తారు. కుర్చీలు చాలక గోడల వెంట, వరండాల్లో నిలబడ్డారు. కొద్ది వారాల్లో నూటికి పైగా కౌంటీలు, నగరాలు, పట్టణాలు తుపాకీ హక్కునిచ్చే రాజ్యాంగ రెండో సవరణకు అండగా తీర్మానాలు చేశాయి. వాటికి చట్టబలం లేదని అప్పటి రాష్ట్ర అటార్నీ జనరల్ తేల్చి చెప్పారు. కానీ ఏ ఊళ్లో ఎంతమంది కదిలి వస్తారో ప్రతి సెనేటరుకూ తెలిసిపోయింది. రాష్ట్ర సంస్థ బలం రాజధానిలో పుట్టదు, మీ కౌంటీలోనే పుడుతుంది. ఈ వ్యాసంలో చెప్పేదంతా ఆ బలం ఎలా కూడగట్టాలన్నదే.

ముందు మీరు చదువుకోండి

రెండో సవరణ గురించి గట్టిగా మాట్లాడేవాళ్లలో చాలామంది తీర్పులు చదివి ఉండరు. మూడు తప్పనిసరి. ఇంట్లో ఆత్మరక్షణకు తుపాకీ ఉంచుకోవడం వ్యక్తి హక్కు అని 2008లో హెల్లర్ తీర్పు చెప్పింది. ఆ హక్కు రాష్ట్రాలకూ, నగరాలకూ వర్తిస్తుందని 2010లో మెక్‌డొనాల్డ్ తీర్పు చెప్పింది. ప్రత్యేక అవసరం నిరూపిస్తేనే బయట తుపాకీ దగ్గర ఉంచుకోవడానికి అనుమతిస్తామనే న్యూయార్క్ నిబంధనను 2022లో బ్రూయెన్ తీర్పు కొట్టేసింది. ఆ కేసు నడిపింది న్యూయార్క్ స్టేట్ రైఫిల్ అండ్ పిస్టల్ అసోసియేషన్, అంటే ఒక రాష్ట్ర సంస్థే. మీ చందా ఎక్కడికి పోతుందని ఎవరైనా అడిగితే ఈ సంగతి చెప్పండి.

2024లో వచ్చిన రహీమీ తీర్పు కూడా చదవండి. గృహహింస కేసులో కోర్టు ఆంక్షలున్న వ్యక్తి దగ్గర తుపాకీ ఉండకూడదన్న చట్టాన్ని సుప్రీంకోర్టు 8-1తో సమర్థించింది. హక్కుకు హద్దులు ఎక్కడున్నాయో తెలియనివాడి మాటకు ఎదుటివాడు విలువ ఇవ్వడు.

ఇరవై పేర్ల నోటుపుస్తకం

మొదటి నెలలో ఇరవై మంది చాలు. షూటింగ్ రేంజిలో పరిచయమైనవాళ్లు, వేటకు వెళ్లేవాళ్లు, రాత్రి పొద్దుపోయేదాకా గ్యాస్ స్టేషన్ నడిపేవాళ్లు, భద్రతా తరగతులు చెప్పే శిక్షకులు, ఒంటరిగా ఉంటూ కొత్తగా నేర్చుకుంటున్న ఆడవాళ్లు. ఒక్కొక్కరికీ పేరు, ఫోను నంబరు రాసుకున్నాక, తప్పకుండా ఇంటి చిరునామా అడగండి. అన్నిటికన్నా ముఖ్యం అదే. చిరునామా ఉంటే ఆ మనిషి ఏ ప్రతినిధి నియోజకవర్గంలో ఉన్నారో, ఏ సెనేటరు పరిధిలో ఉన్నారో, కౌంటీ బోర్డులో వాళ్ల సూపర్‌వైజరు ఎవరో తెలుస్తుంది. ప్రతినిధుల సభలో 100 మంది, సెనేట్‌లో 40 మంది. పక్క నియోజకవర్గం నుంచి వచ్చిన వంద ఉత్తరాల కంటే సొంత ఓటర్లు చేసిన పది ఫోన్లకు వాళ్లు ఎక్కువ విలువ ఇస్తారు.

వర్జీనియాలో ఓటరు నమోదులో పార్టీ పేరు రాయరు. కాబట్టి ఎవరు మనవాళ్లో ముందే ఊహించుకోవద్దు. డెమోక్రాట్లకు ఓటేసే తుపాకీ యజమానులు నాకు చాలామంది తెలుసు. పార్టీ జెండా పట్టుకుని వెళ్తే వాళ్లు దూరమవుతారు.

తెలుగువాళ్లతో మాట్లాడేటప్పుడు

ఆష్‌బర్న్, హెర్న్‌డన్ వైపు తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. వాళ్లతో మాట్లాడటానికి నేను చాలా ఓపిక నేర్చుకోవలసి వచ్చింది. మన ఊళ్లలో తుపాకీ అంటే పోలీసు చేతిలోది, లేదంటే పెద్దింటి గోడకు వేలాడే పాత డబుల్ బ్యారెల్. భారత్‌లో 1959 ఆయుధాల చట్టం కింద లైసెన్సు ఇవ్వడం అధికారుల ఇష్టం. ఎన్నికలొస్తే ఆ తుపాకీని కూడా పోలీసు స్టేషన్లో అప్పగించాలి. అలాంటి చోటు నుంచి వచ్చిన మనిషికి ఇది హక్కు అన్న మాట ఒక్క రోజులో మింగుడుపడదు.

ఒక సంక్రాంతి వేడుకలో ఒక పెద్దాయన నన్ను పక్కకు పిలిచారు. "బాబూ, స్కూళ్లలో పసిపిల్లలు చచ్చిపోతుంటే నువ్వు తుపాకుల తరఫున తిరుగుతున్నావా?" అన్నారు. నేను వాదన మొదలుపెట్టలేదు. "మీ భయం నాకూ ఉందండీ, నాకూ ఇద్దరు పిల్లలు" అని, మా ఇంట్లో తుపాకీ ఎలా ఉంటుందో చెప్పాను: ఇనుప పెట్టెలో తాళం, తూటాలు వేరే చోట, తాళంచెవి పిల్లలకు అందనంత ఎత్తులో. ఆయన మనసు మారలేదు. కానీ మరుసటి ఏడాది వాళ్ల అల్లుణ్ని నా దగ్గరికి పంపారు, భద్రతా తరగతి ఎక్కడుందో కనుక్కోమని. మద్దతు ఇలాగే పెరుగుతుంది. పిల్లల చావుల గురించి అడిగినవాళ్లను ఎప్పుడూ శత్రువులుగా చూడకండి.

వీసా సంగతి మరీ జాగ్రత్త. గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లు చట్టప్రకారం తుపాకీ కొనవచ్చు. హెచ్-1బి లాంటి వీసాల మీద ఉన్నవాళ్లు తుపాకీ కొన్నా, దగ్గర ఉంచుకున్నా ఫెడరల్ చట్టం ప్రకారం నేరమే. వేట లైసెన్సు లాంటి కొద్ది మినహాయింపులే ఉన్నాయి. సరదాగా రేంజికి రమ్మని పిలిచేముందే ఈ మాట అడగండి. అలాంటి వీసాల మీద ఉన్నవాళ్ల దగ్గర ఎన్నికల విరాళం కూడా తీసుకోకూడదు. ఒక స్నేహితుడి భవిష్యత్తు మీ ఉత్సాహానికి బలి కాకూడదు.

మూడు నిమిషాలు

కౌంటీ బోర్డు సమావేశాల్లో ప్రజలు మాట్లాడటానికి సమయం ఇస్తారు. చాలాచోట్ల మనిషికి మూడు నిమిషాలు. ముందు ఒకసారి ఊరికే వెళ్లి వెనక వరసలో కూర్చోండి. పేరు ఎక్కడ రాయించుకోవాలి, ఏ సూపర్‌వైజరు వింటారు, ఎవరు ఫోను చూసుకుంటారు, అన్నీ గమనించండి. రెండోసారి ఐదుగురిని తీసుకెళ్లండి. అందరూ ఒకే కాగితం చదవకూడదు. ఎవరి కథ వాళ్లే చెప్పాలి.

నేను తీసుకెళ్లినవాళ్లలో ఒక నర్సు ఉంది. రాత్రి డ్యూటీ చేసి నిద్ర లేకుండా వచ్చింది. కాగితం పట్టుకున్న చెయ్యి వణుకుతోంది. ఎదురుగా బల్ల మీద, మిగిలిన సమయం చూపే పచ్చ దీపం. తెల్లవారుజామున ఖాళీ పార్కింగ్‌లో కారు దాకా నడిచే ఆ రెండు వందల అడుగుల గురించి చెప్పింది. తనను వెంటాడిన మనిషి గురించి, కోర్టు ఇచ్చిన రక్షణ ఉత్తర్వు గురించి, అది కాగితమేనని తెలిసిన రాత్రి గురించి చెప్పింది. దీపం పసుపుకు మారింది, ఎర్రగా మారింది. ఛైర్మన్ ఆపలేదు. మేం నలుగురం గణాంకాలతో చెప్పలేకపోయినదాన్ని ఆమె ఒక్కతే చెప్పింది. తర్వాత ఒక సూపర్‌వైజరు వచ్చి ఆమెతోనే మాట్లాడారు, మాతో కాదు.

అందుకే, బాగా మాట్లాడేవాళ్లను వెతకవద్దు. చెప్పడానికి నిజంగా ఏదైనా ఉన్నవాళ్లను వెతకండి.

శాసనసభ మొదలయ్యాక

సమావేశాలు జనవరి రెండో బుధవారం మొదలవుతాయి. సరి సంవత్సరాల్లో 60 రోజులు, బేసి సంవత్సరాల్లో ఇంకా తక్కువ. మధ్యలో క్రాస్‌ఓవర్ అనే గడువు ఉంటుంది. ఆలోగా ఏ సభ బిల్లులను ఆ సభ తేల్చాలి. బిల్లులు ఎక్కువగా ఆగిపోయేది ఉపసంఘాల్లో, అదీ పొద్దున్నే, పది పదిహేను మంది ముందు. కాబట్టి ప్రతి బిల్లు నంబరూ, అది ఏ సంఘం ముందుందో రోజూ చూసే మనిషి ఒకరు కావాలి. ఫోను చేసేటప్పుడు పేరు, ఊరు, బిల్లు నంబరు, వద్దో కావాలో, అంతే. అవతల ఫోనెత్తే కుర్రాళ్లతో మర్యాదగా ఉండండి.

2020లో చాలా బిల్లులు మనవాళ్లు ఆపలేకపోయారు. ప్రైవేటు అమ్మకాలకూ నేపథ్య తనిఖీ, నెలకు ఒకే చేతి తుపాకీ, ప్రమాదకరమని కోర్టు భావించినవారి తుపాకులు తాత్కాలికంగా తీసుకునే రెడ్ ఫ్లాగ్ చట్టం, అన్నీ ఆమోదం పొందాయి. ఆ సంగతి దాచకండి. కానీ కొన్ని రకాల సెమీ ఆటోమేటిక్ తుపాకుల అమ్మకాన్ని నిషేధించే హెచ్.బి. 961 ప్రతినిధుల సభ దాటి వచ్చి, ఫిబ్రవరి 17న సెనేట్ న్యాయ సంఘంలో 10-5తో ఆగిపోయింది. నలుగురు డెమోక్రాట్లు రిపబ్లికన్లతో కలిశారు. ఎదుటి పార్టీవాళ్లకు కూడా తలుపులు తెరిచే ఉంచాలని నేను పట్టుబట్టేది ఇందుకే.

మర్యాద, డబ్బు

బెదిరింపుగా వినిపించే ఒక్క మాట, ఒక్క పోస్టు, ఏడాది కష్టాన్ని ఒక పూటలో తుడిచేస్తుంది. అలాంటివాళ్లను మొదటి రోజే బయటికి పంపండి, ఎంత పాత సభ్యులైనా సరే.

డబ్బు విషయంలో సంస్థ ఏ రకమో తెలుసుకోండి. 501(సి)(3) సంస్థకు ఇచ్చే విరాళానికి పన్ను మినహాయింపు ఉంటుంది, కానీ అది అభ్యర్థులను బలపరచకూడదు, లాబీయింగ్‌కూ హద్దులుంటాయి. 501(సి)(4) అయితే లాబీయింగ్ చేయవచ్చు, విరాళానికి మినహాయింపు ఉండదు. రసీదు మీద ఈ ముక్క స్పష్టంగా ఉండాలి. ఎన్నికల్లో పనిచేయాలనుకుంటే అభ్యర్థి సంతకాల సేకరణతో మొదలుపెట్టండి: ప్రతినిధుల సభకు 125, సెనేట్‌కు 250 మంది ఓటర్ల సంతకాలు కావాలి. తలుపు తట్టడం అలవాటు కావడానికి ఇంతకంటే మంచి పని లేదు.

జనవరికి సిద్ధంగా ఉండాలంటే ఆగస్టులో నోటుపుస్తకం తెరవాలి. మీ ప్రతినిధి ఎవరో, సెనేటరు ఎవరో, సూపర్‌వైజరు ఎవరో ఈ రాత్రికే వెతికి, ఆ మూడు పేర్లూ మొదటి పేజీలో రాసుకోండి. రేపు సాయంత్రం మొదటి ఫోను చేయండి.