తాబేలు గుడ్లకి ఎంత వేడి, ఎంత తడి? మా సెన్సార్ నేర్పిన పాఠం

హేచరీ అంటే మా నెల్లూరులో ఎవరికైనా రొయ్యల హేచరీనే గుర్తొస్తుంది. నేను చెప్పబోయేది సముద్ర తాబేళ్ల గుడ్ల గురించి. మైపాడు వైపు, మా అమ్మమ్మ వాళ్ల ఊరి దగ్గర తీరంలో ఒక చిన్న హేచరీ ఉంది. చుట్టూ వల కంచె, పైన కొబ్బరాకుల పందిరి, లోపల ఇసుక. అంతే. జనవరి నుంచి ఆలివ్ రిడ్లే తాబేళ్లు రాత్రిపూట ఒడ్డుకొచ్చి గుడ్లు పెడతాయి. ఒక్కో గూడులో వంద పైనే ఉంటాయి. కుక్కలు, నక్కలు తినెయ్యకుండా వాటిని తెచ్చి ఇక్కడ పాతిపెడతారు.

యూట్యూబ్‌లో విదేశాల వాళ్లు ఇంట్లో గాజు పెట్టెలో తాబేలుని పెంచడం మీరూ చూసే ఉంటారు. పైన హీట్ బల్బు, పక్కన తేమ చూపించే మీటర్. (మన దగ్గర నక్షత్ర తాబేలుని అలా పెంచితే 1972 వన్యప్రాణి చట్టం కింద నేరం, ఎవరూ ట్రై చెయ్యొద్దు.) అది చూసే మినీ ప్రాజెక్ట్ ఐడియా వచ్చింది. అనుమతి తీసుకుని, గూడు పక్కన, గుడ్లున్నంత లోతులో, అంటే దాదాపు 45 సెంటీమీటర్ల కింద ఒక సెన్సార్ పెట్టాం.

వేడి ఎందుకంత ముఖ్యం?

మనుషుల్లో ఆడా మగా అనేది క్రోమోజోములు తేలుస్తాయి. సముద్ర తాబేళ్లలో ఇసుక వేడి తేలుస్తుంది. సుమారు 29-30 డిగ్రీల దగ్గర సగం సగం పుడతాయి. అంతకంటే చల్లగా ఉంటే మగవి ఎక్కువ, వేడిగా ఉంటే ఆడవి ఎక్కువ. గుడ్డు పొదగడానికి 45 నుంచి 60 రోజులు పడుతుంది, అందులో మధ్య మూడో వంతు రోజుల్లోనే ఈ నిర్ణయం జరిగిపోతుంది. ఇసుక చాలా రోజులు 35 దాటి ఉంటే పిల్లలు లోపలే చనిపోతాయి. పందిరి వేసేది అందుకే.

తడి సంగతి

ఈ గుడ్డు పెంకు కోడిగుడ్డులా గట్టిగా ఉండదు, తోలులా మెత్తగా ఉంటుంది. ఇసుక ఎండిపోతే గుడ్డులో నీళ్లు బయటికి పోయి సొట్ట పడుతుంది. ఇసుక నానిపోతే రేణువుల మధ్య గాలి ఉండదు, లోపల పిల్లకి ఊపిరాడదు. పైగా బూజు. పిడికిట్లో పట్టుకుంటే ముద్ద కట్టాలి, నీళ్లు మాత్రం కారకూడదు. అదీ లెక్క.

ఆ రోజు ఏమైందంటే

ఫిబ్రవరిలో ఒక రాత్రి హాస్టల్లో ఫోన్ చూస్తే రీడింగ్ 85. గుండె ఆగిపోయింది. వెంటనే హేచరీ కాపలా తాతకి ఫోన్ చేశా. "తాతా, ఇసక కాలిపోతోంది, ఆ గూడు మీద నాలుగు బిందెల నీళ్లు పొయ్యి!"

తాత లేచి వెళ్లి చూశాడు. "ఏందబ్బయా, నాలుగు బిందెలా? చెయ్యి పెట్టి చూసినా, ఇసక చల్లంగానే ఉండాది. నువ్వు పడుకో."

పొయ్యలేదు. నాకు కోపం కూడా వచ్చింది. పొద్దున డేటాషీట్ తీస్తే తెలిసింది. మేం వాడిన డీఎస్18బీ20 పవర్ పోయి మళ్లీ వచ్చినప్పుడు, కొత్తగా కొలవకముందే చదివితే 85 అని చూపిస్తుంది. అది వేడి కాదు, రీసెట్ విలువ. మా వైరు లూజైంది. తాత నా మాట విని ఉంటే వంద గుడ్లు నా కోడ్ బగ్‌కి నానిపోయేవి.

మీరు చేస్తే ఇవి మర్చిపోకండి

1. 85 వస్తే నమ్మొద్దు, మళ్లీ చదవండి. 12 బిట్ల కొలతకి 750 మిల్లీసెకన్ల దాకా పడుతుంది, ఆగండి. లైబ్రరీ -127 ఇస్తే సెన్సార్ తెగిపోయినట్టు.

2. ఈ సెన్సార్ తేడా 0.5 డిగ్రీ వరకు ఉండొచ్చు. గదికైతే పర్లేదు, ఇక్కడ ఆ అర డిగ్రీతోనే ఆడా మగా లెక్క మారుతుంది. ముందు దంచిన ఐసు నీళ్లలో పెట్టి సున్నాకి ఎంత తేడా ఉందో రాసుకోండి.

3. చవక తేమ సెన్సార్ల రెండు కాళ్లూ ఉప్పు ఇసుకలో తుప్పు పడతాయి. ఉప్పు కరెంటుని ఎక్కువ పోనిస్తుంది కాబట్టి పొడి ఇసుకని కూడా తడి అంటాయి. మేం దాన్ని తీసేసి తాత పిడికిలినే వాడాం.

4. గుడ్లు పెరిగేకొద్దీ వాటంతటవే వేడి పుట్టిస్తాయి. చివరి వారాల్లో పక్కన పెట్టిన సెన్సార్ కంటే గూడు లోపల వేడి ఎక్కువ. ఆ తేడా మనసులో పెట్టుకోండి.

5. గుడ్లని మీరు ముట్టుకోకండి. పెట్టిన కొన్ని గంటల తర్వాత లోపలి పిండం పెంకు పైభాగానికి అంటుకుంటుంది. అప్పుడు గుడ్డు తిప్పితే చచ్చిపోతుంది. అది నేర్చిన చేతుల పని.

గాజు పెట్టెలో అయితే బల్బు తిప్పి వేడి మార్చొచ్చు. ఇసుకలో మన చేతిలో ఉండేది నీడా, కాస్త నీళ్లూ, బోలెడు ఓపికా. ఇప్పుడు మా కోడ్ అలర్ట్ పంపే ముందు మూడుసార్లు చదువుతుంది. అలర్ట్ మెసేజ్ కూడా మార్చాం: "తాతా, ఒకసారి చెయ్యి పెట్టి చూడు."

ఏప్రిల్ మొదట్లో ఆ గూడు తెరుచుకుంది, రాత్రిపూట, ఇసుక చల్లబడ్డాక. అవి ఆడవో మగవో పైకి చూసి చెప్పలేం. టార్చి ఆర్పేసి, అవి నీళ్లలోకి పోయేదాకా తాతా నేనూ అక్కడే కూర్చున్నాం.