నిద్రపోని కంప్యూటర్ చెడిపోయినట్టేనా?



మాదాపూర్, గచ్చిబౌలి ఆఫీసుల నుంచి, కొండాపూర్, మణికొండ అపార్టుమెంట్ల నుంచి మనకు అందే పాత కంప్యూటర్లను పరీక్షించి విద్యార్థుల చేతికిచ్చే పని కొంతకాలంగా నేను చూస్తున్నాను. తిరిగొచ్చే ఫిర్యాదుల్లో ఒకటి మళ్లీ మళ్లీ వినిపిస్తుంది: "ఇది నిద్రపోవడం లేదు". మూత వేసినా ఫ్యాను తిరుగుతూనే ఉంటుంది, లేదా అర్ధరాత్రి తనంతట తానే లేస్తుంది, లేదా బ్యాగులోనే బ్యాటరీ అంతా అయిపోతుంది.

డిగ్రీ రెండో సంవత్సరం చదివే ఒక అమ్మాయి ఇలాగే వచ్చింది. "సర్, కాలేజీలో నూటికి నూరు ఛార్జింగ్ ఉంటుంది. మూత వేసి బ్యాగులో పెట్టుకుని టోలిచౌకి వెళ్లేసరికి పదిహేను కూడా ఉండదు. బ్యాగులో అన్నం డబ్బా పెట్టుకున్నట్టు వేడిగా ఉంటుంది" అంది. ఒక దుకాణంలో బ్యాటరీ మార్చాలన్నారట, 3,500 రూపాయలు. ఇంకో చోట మదర్‌బోర్డు పోయిందన్నారట. మర్నాడు ఆన్‌లైన్ పరీక్ష. "ఇది వాపసు తీసుకోండి సర్, బాగు చేయించుకోగలిగిన వాళ్లకెవరికైనా ఇవ్వండి" అని బల్ల మీద పెట్టింది. అందులో ఏ భాగమూ చెడిపోలేదు.

ముందుగా, నిద్ర అంటే ఏమిటో చూద్దాం. 1996లో ఇంటెల్, మైక్రోసాఫ్ట్, తోషిబా కలిసి ఏసీపీఐ అనే నియమావళిని తెచ్చాయి. అందులో ఎస్3 అనే స్థితిలో ర్యామ్‌కు మాత్రం కొద్దిగా కరెంటు అందుతుంది, ప్రాసెసరు, డిస్కు, ఫ్యాను ఆగిపోతాయి. పాత ల్యాప్‌టాప్‌ల నిద్ర ఇదే. హైబర్నేట్ వేరు. అందులో ర్యామ్‌లో ఉన్నదంతా డిస్కు మీద రాసుకుని యంత్రం పూర్తిగా ఆగిపోతుంది. కొత్త ల్యాప్‌టాప్‌లలో ఎక్కువగా కనిపించేది మూడో రకం, మోడ్రన్ స్టాండ్‌బై. ఫోన్ లాగే తెర మాత్రం ఆరుతుంది, లోపల మెయిళ్లు, అప్‌డేట్లు అందుకునేంత మెలకువ మిగిలి ఉంటుంది. దాన్ని ఎస్0 అని రాస్తారు. నిజం చెప్పాలంటే అది నిద్ర కాదు, కునుకు.

మీ కంప్యూటర్ ఏ రకమో అదే చెబుతుంది. స్టార్ట్‌లో సీఎండీ అని టైప్ చేసి, కనిపించిన కమాండ్ ప్రాంప్ట్ మీద కుడి బటన్ నొక్కి, అడ్మినిస్ట్రేటర్‌గా తెరవండి. నల్లటి కిటికీ వస్తుంది. అందులో పవర్‌సీఎఫ్‌జీ అనే మాటను ఇంగ్లిషు అక్షరాల్లో కొట్టాలి: పవర్ అనే మాట, దాన్ని ఆనుకుని సి, ఎఫ్, జి. తర్వాత ఒక ఖాళీ వదిలి, ముందుకు వాలిన గీత, ఎ అనే అక్షరం. ఎంటర్ నొక్కితే ఆ యంత్రానికి ఏయే నిద్రలు వచ్చో, ఏవి రావో, ఎందుకు రావో జాబితా వస్తుంది.

ఈ జాబితాలో మన దగ్గర తరచూ దొరికే దొంగ ఒకడున్నాడు. దానంగా వచ్చిన యంత్రాన్ని మేం పూర్తిగా చెరిపి విండోస్ కొత్తగా ఎక్కిస్తాం. గ్రాఫిక్స్ డ్రైవర్ వేయడం మరిచిపోతే విండోస్ తన మామూలు డిస్‌ప్లే డ్రైవర్‌తో బండి నడిపిస్తుంది. తెర బాగానే కనిపిస్తుంది, కానీ మెనూలో స్లీప్ అన్న మాటే మాయమవుతుంది. జాబితాలో కారణం కింద గ్రాఫిక్స్ అని ఉంటుంది. తయారీ కంపెనీ సైటు నుంచి ఆ మోడల్‌కు తగిన డ్రైవర్ వేస్తే నిద్ర తిరిగి వస్తుంది. ఈ తప్పు మేమే చేశాం, ఒకటి రెండుసార్లు కాదు.

స్లీప్ మెనూలో ఉంటే, దాన్ని చేత్తో నొక్కి చూడండి. నొక్కితే చక్కగా పడుకుని, వదిలేస్తే మాత్రం ఎంతసేపైనా మెలకువగా ఉంటోందా? అయితే ఏదో ప్రోగ్రాం దాన్ని పడుకోనివ్వడం లేదు. పవర్‌సీఎఫ్‌జీ తర్వాత గీత, రిక్వెస్ట్స్ అని కొడితే ఆ ప్రోగ్రాం పేరు బయటపడుతుంది. డిస్‌ప్లే, సిస్టమ్, ఎగ్జిక్యూషన్ వంటి వరుసలుంటాయి. అన్నిటి కిందా నన్ అని ఉంటే ఎవరూ పట్టుకోలేదన్నమాట. సిస్టమ్ కింద ఆడియో డ్రైవర్ పేరు కనిపిస్తే బ్రౌజరులో ఎక్కడో ఒక వీడియోనో, ముగించని మీటింగో ఆడుతూ ఉండవచ్చు.

ఐటీ ఉద్యోగుల ల్యాప్‌టాప్‌లలో ఇంకో వింత చూశాను. ఇంటి నుంచి పని చేసిన రోజుల్లో చాటింగ్‌లో తమ పేరు పక్కన పచ్చ చుక్క ఆరిపోకుండా కొందరు మౌస్‌ను తనంతట తానే కదిలించే చిన్న ప్రోగ్రాం పెట్టుకున్నారు. యజమాని మారినా అది మాత్రం ఉద్యోగం మానలేదు!

నొక్కగానే పడుకుని, కాసేపటికే లేచి కూర్చునే వాటి కథ వేరు. వీటికి పవర్‌సీఎఫ్‌జీ గీత లాస్ట్‌వేక్ అని అడగాలి. చివరిసారి ఎవరు లేపారో చెబుతుంది. గీత వేక్‌టైమర్స్ అంటే, ముందుముందు లేపడానికి ఎవరు అలారం పెట్టుకున్నారో చెబుతుంది. ఆఫీసుల నుంచి వచ్చిన డెస్క్‌టాప్‌లలో చాలాసార్లు నేరస్థుడు నెట్‌వర్క్ కార్డే. రాత్రిపూట అప్‌డేట్లు ఎక్కించడానికి ఐటీ విభాగం వాళ్లు దూరం నుంచే యంత్రాలను లేపే వేక్ ఆన్ ల్యాన్ సదుపాయాన్ని తెరిచి ఉంచుతారు. డివైస్ మేనేజర్‌లో ఆ కార్డు పవర్ మేనేజ్‌మెంట్ పేజీకి వెళ్లి, కంప్యూటర్‌ను లేపే అనుమతి తీసేయాలి. మౌస్‌కూ అదే పేజీ ఉంటుంది. సీలింగ్ ఫ్యాను అదురుకు బల్ల కదిలి, మౌస్ కదిలి, కంప్యూటర్ లేవడం నేను కళ్లారా చూశాను. అలారాలను ఆపడానికి పవర్ ఆప్షన్స్‌లోని అడ్వాన్స్‌డ్ సెట్టింగులలో స్లీప్ కింద అలౌ వేక్ టైమర్స్‌ను డిసేబుల్ చేస్తే చాలు.

దీనికింత పట్టింపు ఎందుకని అనిపించవచ్చు. మామూలు డెస్క్‌టాప్ ఖాళీగా ఉన్నా సుమారు 50 వాట్లు లాగుతుంది, నిద్రలో రెండు మూడు వాట్లతో సరిపెట్టుకుంటుంది. పది కంప్యూటర్లున్న శిక్షణ గది సాయంత్రం మూసి ఉదయం తెరిచే 14 గంటలూ అవి మేలుకుని ఉంటే రాత్రికి 7 యూనిట్లు, నెలకు 210 యూనిట్లు. అది మీరిచ్చిన డబ్బు. మా దగ్గర అమానత్.

ఇక ఆ అమ్మాయి ల్యాప్‌టాప్. దాని జాబితాలో ఎస్3 లేదు, ఎస్0 ఒక్కటే ఉంది. గీత స్లీప్‌స్టడీ అని కొడితే వచ్చిన నివేదికలో మూత వేసిన సమయమంతా ఎంత ఛార్జింగ్ కరిగిందో కనిపించింది. గాలి ఆడని బ్యాగులో కునుకుతో పని చేస్తున్న యంత్రం వేడెక్కక ఏం చేస్తుంది? వేడి లిథియం బ్యాటరీకి పెద్ద శత్రువు. అలా నెలల తరబడి వదిలేస్తే బ్యాటరీ ఉబ్బవచ్చు, అప్పుడు దుకాణం వాళ్ల మాట నిజమవుతుంది. చేసిన మార్పు చిన్నది. పవర్‌సీఎఫ్‌జీ గీత హైబర్నేట్, ఖాళీ, ఆన్ అని కొట్టి హైబర్నేట్‌ను తెరిచాం. కంట్రోల్ ప్యానెల్ పవర్ ఆప్షన్స్‌లో మూత వేస్తే ఏం చేయాలి అన్నచోట స్లీప్ బదులు హైబర్నేట్ పెట్టాం. తిరిగి తెరుచుకోవడానికి కొన్ని సెకన్లు ఎక్కువ పడుతుంది, అంతే. "సర్, ఇంటికొచ్చాక 96 ఉంది" అని రాత్రి మెసేజ్ పెట్టింది. పరీక్ష అదే ల్యాప్‌టాప్ మీద రాసింది.

చేత్తో నొక్కినా తెర ఆరి ఫ్యాను మాత్రం తిరుగుతూ ఉండిపోతే, డ్రైవర్లు, బయోస్ అప్‌డేట్ చూడాలి. అప్పటికీ కాకపోతేనే సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని సీటీసీకి తీసుకెళ్లడం.

2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు ముగిసింది కాబట్టి, పాత యంత్రాలను మార్చే ఆలోచన మీలో చాలామందికి ఉండవచ్చు. ఇచ్చే ముందు రెండు పనులు చేయండి. సెట్టింగులలో నిద్ర సమయం మార్చబోతే, కొన్ని సెట్టింగులు మీ సంస్థ చేతిలో ఉన్నాయని చెప్పే వాక్యం కనిపిస్తే, ఆ యంత్రం ఇంకా ఆఫీసు పట్టులోనే ఉందన్నమాట. మేం చెరిపి కొత్తగా ఎక్కించినా అది మళ్లీ మీ ఆఫీసు లాగిన్ అడగవచ్చు. మీ ఐటీ విభాగంతో మాట్లాడి తమ జాబితా నుంచి తీసేయించండి. సొంత ల్యాప్‌టాప్ అయితే మీ ఫైళ్లు కాపీ చేసుకుని, మీ ఖాతా తొలగించండి. తర్వాత ఒక రాత్రి మూత వేసి ఉంచి, ఉదయం ఎంత ఛార్జింగ్ మిగిలిందో ఒక చీటీ మీద రాసి యంత్రానికి అంటించండి. ఆ ఒక్క అంకె మాకు సగం పని తగ్గిస్తుంది. ఛార్జర్ కూడా మరవకండి. అసలు ఛార్జర్ లేక అల్మారాలో ఉండిపోయిన ల్యాప్‌టాప్‌లు ప్రస్తుతం నాలుగున్నాయి.