క్రిస్మస్ కానుక ఎవరికి?

పాఠ్యభాగము: 2 కొరింథీ. 8:16–21

మామిడి అంటు కొనునప్పుడు ఏ తల్లిచెట్టుదని అడుగుదుము. కానుక ఇచ్చునప్పుడు అడుగుటకేల సిగ్గుపడుదుము? యెరూషలేము చందాను పౌలు ఒంటరిగా మోయలేదు. నింద రాకుండునట్లు సంఘములు ఏర్పరచిన సహోదరుని తోడు తీసికొనెను.

నిరుడు నేను పేరు చూచి ఒకరికి పంపితిని. రశీదు నేటికిని రాలేదు. ఆ పండుగనాడే మన వీధిలో ఒక విధవరాలి పొయ్యి వెలుగలేదు. కావున మూడు సంగతులు విచారింపుడి.

1. లెక్క ఎవరు చూతురు? రశీదును, ఆడిటు లెక్కను అడుగుడి. 80జి ధ్రువపత్రము పన్ను రాయితీకే గాని నమ్మకమునకు పూర్తి సాక్ష్యము కాదు.

2. అక్కర ఏది? 2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడను ముంచినప్పుడు మొదట అన్నము, నీళ్లు. నీరు తీసిన పిమ్మట పాత్రలు, పుస్తకములు కావలసెను.

3. గడపయొద్ద ఎవరున్నారు? కాయకోత వేసవిలోనే; డిసెంబరున తోటకూలి చేతిలో ఏమున్నది?

ఎక్కువ ఇచ్చుటకు ముందు ఎరిగి ఇచ్చుడి. ఈ ఆదివారము ఇంటిల్లిపాది కూడి ఒక్క పేరు నిశ్చయించి ప్రార్థించుడి.