బ్యాండు మేళమునకు స్వరముల పుట



మా తరగతి బాలుడొకడు సెలవు దినములలో పెండ్లి బ్యాండున ట్రంపెట్టు ఊదుచున్నాడు. వాని తండ్రి యొకనాడు బడికి వచ్చి, "అయివారూ, వీడు బూర ఊదితే నాలుగు దుడ్లు చూస్తాడు. తెలుగు రాత నేర్చుకుంటే ఏమొస్తుంది సామీ?" అని అడిగెను. ఆ ప్రశ్నకు సమాధానముగ ఈ పాఠమును వ్రాయుచున్నాము.

సినిమా పాటను వేదికపై వాయించునప్పుడు గాయకుని వెనుక ట్రంపెట్టు, సాక్సఫోను, ట్రాంబోను ఒకటిగ పలుకవలెను. మొదటి చిక్కు శ్రుతియందే కలదు. పియానోపై "సి" అను స్వరమునకు సరిపోవలెనన్నచో ట్రంపెట్టువాడు తన వాద్యమున "డి" ఊదవలెను. ఆల్టో సాక్సఫోనువాడు "ఎ" ఊదవలెను. ట్రాంబోనుకు మార్పు లేదు. కావున ఇంగ్లీషు అక్షరముల కాగితము నొక్కదానినే ముగ్గురికి నిచ్చినచో ముగ్గురు మూడు దారుల పోవుదురు.

మన సరిగమల మేలు ఇచ్చటనే తెలియును. మన షడ్జమునకు స్థిరమైన చోటు లేదు. అది శ్రుతిని బట్టి కదలును. పాట "బి ఫ్లాటు" శ్రుతిలో నున్నచో, ట్రంపెట్టున మీటలేవియు నొక్కక ఊదు "సి" షడ్జము. ఆల్టో సాక్సఫోనున "జి" షడ్జము. ట్రాంబోనున జారుగొట్టమును పూర్తిగ దగ్గరకు లాగిన మొదటి స్థానము షడ్జము. ఈ మూడు గుర్తులను పైన వ్రాసికొన్నచో, దిగువ తెలుగులో వ్రాసిన స్వరముల పుట ఒక్కటే మువ్వురికి చాలును.

ఇక పాళ్ళు పంచుట. శంకరాభరణ స్వరములలో నొక ఉదాహరణము:

ట్రంపెట్టు: ప – ద – ప
సాక్సఫోను: గ – మ – గ
ట్రాంబోను: స – స – స

పై రెండు వాద్యములు ఒక్కొక్క మెట్టు ఎక్కి దిగినవి, ట్రాంబోను కదలలేదు. ఇట్లు తక్కువ కదలికతో నడచు వరుస వినుటకు నిండుగ నుండును, సాధనకు సులభము.

ఎచ్చట ఊదవలెను? గాయకుడు పదము పలుకునప్పుడు కాదు. అతడు ఊపిరి తీయు ఖాళీయందు. పల్లవి మాటలను చదివి, వాక్యమెచ్చట తెగునో గుర్తింపలేనివాడు ఆ ఖాళీని కనుగొనలేడు.

సాధనకు ప్రతిదినము మొదట పది నిమిషములు ఒకే స్వరమును దీర్ఘముగ, సమముగ ఊదవలెను. తరువాత నాలుకతో "తు, తు" అని స్వరములను విడివిడిగ ఎత్తుకొనవలెను. పిమ్మట మువ్వురు కలిసి, తాళము వేయుచు సగము వేగమున సాగవలెను. స్వరమును ఒక్క క్షణమున ఆరంభించుట యెంత ముఖ్యమో, ఒక్క క్షణమున విడుచుటయు నంతే ముఖ్యము. పెదవులు అలసిన పిమ్మట బలవంతముగ ఊదరాదు.

ఈ విద్య మన సీమకు కొత్త కాదు. ముత్తుస్వామి దీక్షితులు (1775–1835) తమ తొలి కృతిని మన తిరుత్తణి కొండపై రచించిరని సంప్రదాయము. వారు పాశ్చాత్యుల బ్యాండు మెట్లకు సంస్కృత సాహిత్యమును కూర్చిరి, అవియే నోట్టుస్వరములు. ఆ వంశమువారైన సుబ్బరామ దీక్షితులు 1904లో, తమిళ దేశమునందలి ఎట్టయపురమున, "సంగీత సంప్రదాయ ప్రదర్శిని"ని తెలుగు లిపిలోనే ప్రకటించిరి.

1960 ఏప్రిల్ 1న మన ప్రాంతము మదరాసు రాష్ట్రమున చేరినది. నాటినుండి మనకు ఇంట తెలుగు, కచేరీలో తమిళము. రెండును మనకు కావలసినవే. తమిళమును చక్కగ నేర్వుడు. తెలుగు లిపిని విడువకుడు.

ఆ బాలుడు ఇప్పుడు తన మేళమునకు స్వరముల పుటను తానే తెలుగున వ్రాయుచున్నాడు. తమిళము మాత్రమే చదువు తోటివానికి దానినే తమిళ లిపిలో వ్రాసి యిచ్చుచున్నాడు. ఆ తండ్రి ప్రశ్నకు మా సమాధానమిదియే: ఊదువారు మేళమున పలువురు కలరు, పుట వ్రాయగలవాడు మీ బిడ్డయే.