అంకుడు చెట్టు నేర్పే పాఠం

వన్యప్రాణి సంరక్షణ అనగానే పులి, ఏనుగు, జింక వంటి జంతువులే మనకు స్ఫురిస్తాయి. కాని 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం జంతువులతోపాటు వాటి ఆవాసంలో భాగమైన వృక్షజాలాన్ని కూడా వన్యసంపదగానే పరిగణించింది. అడవిలో ఒక్క చెట్టు కరవైతే మనిషి బతుకు సైతం ఎట్లా తల్లడిల్లుతుందో ఏటికొప్పాక గ్రామం తెలుపుతుంది.

ఏటికొప్పాక వరాహ నది ఒడ్డున వెలసిన ఊరు. పూర్వం విశాఖపట్నం జిల్లాలో ఉండి, 2022లో అనకాపల్లి జిల్లాలో చేరింది. ఇక్కడి లక్క బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు లభించింది. ఈ బొమ్మలకు ప్రాణం అంకుడు కర్ర. ఇది తెల్లగా, మెత్తగా ఉండి ఉలికి సులభంగా లొంగుతుంది. గిరగిర తిరిగే కర్రకు రంగు కలిపిన లక్కను అదిమితే, రాపిడి వేడికి అది కరిగి కర్రపై పరచుకొంటుంది. మొగలి ఆకుతో రుద్దగానే నిగనిగలాడుతుంది. చెట్టు, ఆకు, లక్కపురుగు కలిస్తేనే బొమ్మ అన్నమాట.

వాడుకొంటూనే కాపాడుకోవడం సంరక్షణలో ప్రధాన సూత్రం. మోదుగ, రేగు వంటి చెట్ల కొమ్మలపై జీవించే చిన్న కీటకాలు లక్కను స్రవిస్తాయి. లక్క సాగుచేసేవారు పంటనంతా గీకివేయరు. మరుసటి పంటకు విత్తనంగా కొన్ని కొమ్మలను పురుగులతో సహా నిలుపుతారు. అంకుడు చెట్టు విషయమూ అంతే. మొదలు మిగిల్చి నరికితే అది మళ్లీ చిగురిస్తుంది. వేళ్లతో పెకలించినా, లేతచిగుళ్లను పశువులు మేసినా ఆ చెట్టు మరి దక్కదు.

అయితే ఆచరణలో చిక్కులు అనేకం. బొమ్మలకు గిరాకీ పెరిగిన వేగంతో చెట్టు పెరగదు. వంటచెరకు కోసం నరికివేత, పోడు, పశువుల మేత అడవిని కుదిస్తాయి. కర్ర కొరత ఏటికొప్పాక కళాకారులను ఏళ్లుగా బాధిస్తున్నది. కోతను పూర్తిగా నిషేధిస్తే కళ కుంటుపడుతుంది. అడ్డు లేకుండా అనుమతిస్తే అడవి తరుగుతుంది. కనుక ఎంత పెరుగుతున్నదో లెక్కించి, అంతకు మించకుండా కోయడమే యాజమాన్య పద్ధతి. బంజరు భూములలో, పొలం గట్లపై అంకుడు మొక్కలు నాటడం మరొక మార్గం.

ఈ పని ప్రభుత్వం ఒక్కటే చేయగలిగినది కాదు. ఆంధ్రప్రదేశ్‌లో 1990వ దశకంలో ఏర్పడిన వన సంరక్షణ సమితులు గ్రామస్థులను అడవికి కాపరులుగా నిలిపాయి. 2002 నాటి జీవవైవిధ్య చట్టం స్థానిక సంస్థల స్థాయిలో జీవవైవిధ్య యాజమాన్య కమిటీలకు వీలు కల్పించింది. చెట్టుపై ఆధారపడినవారికే దాని రక్షణలో భాగం ఉండాలన్నది వీటి అంతరార్థం.

ఏటికొప్పాకలో సహజ వర్ణాలను పునరుద్ధరించిన సి.వి. రాజుకు 2023లో పద్మశ్రీ పురస్కారం లభించింది. ఆకులు, గింజలు, వేళ్లు, బెరళ్లనుండి వచ్చే ఆ రంగులకు కూడా మూలం ప్రకృతియే. అడవి పచ్చగా ఉన్నంతకాలమే బొమ్మకు రంగు, పనివాడికి కూడు. నరికే చేయే నాటడం, నాటినదానిని కాచుకోవడం నేర్చినప్పుడే రెండూ నిలుస్తాయి.